ఇందుజ బండి మెల్లగానే వచ్చింది

రోడ్డు భద్రతా తరగతులు నిర్వహించు మోటారు వాహనాల అధికారి గారి సముఖమునకు, తాడేపల్లిగూడెం దిగువన కొత్తగరువు కాపురస్తుడు, రైతు, అరవై ఒక్క ఏండ్ల వెంకటరత్నం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ తరగతిలో కుమారి ఇందుజ ప్రమాదమును అజాగ్రత్తకు ఉదాహరణగా చూపుట మాన్పించుట గురించి; సదరు అజాగ్రత్త ఎవరిదో తెలియజేయుట గురించి.

1. గత నెల గూడెం కల్యాణ మండపంలో ట్రాక్టర్లు నడిపేవారికి తమరు పెట్టిన డిఫెన్సివ్ డ్రైవింగ్ తరగతికి నేనూ హాజరైతిని. ముందు బండికి ఎడం ఉంచమనిరి. అద్దాలు చూసుకోమనిరి. ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే అనుకొని నడపమనిరి. అందులో నాకు ఆక్షేపణ లేదు. మరునాడే నల్లజర్ల రోడ్డులో నా ముందు ఆటో చెప్పాపెట్టకుండా ఆగిపోగా, తమరి మాట ప్రకారం ఎడం ఉంచినందున క్షేమముగా ఇల్లు చేరితిని.

2. అయితే తమరు తెర మీద ఒక అమ్మాయి ఫొటో వేసి, "ఈ పద్ధతులు పాటించి ఉంటే ఈమె ఈరోజు మన మధ్య ఉండేది" అనిరి. ఆమె మా సెంటర్లో కిరాణా కొట్టు నడుపు రత్నాంబ గారి కూతురు ఇందుజ. గూడెంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదివేది. పోలీసు కాగితంలో "అతివేగము, అజాగ్రత్త" అని ఉన్నందున తమరు అట్లు చెప్పితిరి. ఆ కాగితం అట్లు రావడానికి కారకుడను నేను.

3. కోతలయ్యాక మేము ధాన్యం కాలవ గట్టు రోడ్డు మీదే ఆరబోస్తాము. బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తాము. మా పల్లపు నేలలో రాయి దొరకదు. ద్వారకా తిరుమల వైపు మెరక నుంచి ట్రాక్టరు మీద తెచ్చుకోవాలి. అందుచేత సాయంత్రం ధాన్యం ఎత్తేసినా, రేపు మళ్ళీ కావాలి గదా అని రాళ్ళు రోడ్డు మీదే వదిలేస్తాము. ఊరందరికీ ఇదే అలవాటు. మొన్న డిసెంబరులో ఒకనాడు మబ్బు పట్టిందని గబగబా ధాన్యం ఎత్తి, నేనూ అలాగే వదిలేసితిని. తియ్యడానికి పది నిమిషాలు పట్టేది.

4. మునిమాపు వేళ ఇందుజ స్కూటీ వచ్చింది. నేను గట్టున కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎదురుగా చేపల లారీ పెద్ద లైటు వేసుకుని వచ్చింది. ఆ పిల్ల హారన్ కొట్టింది. వేగం తగ్గించింది. లారీకి దారిచ్చి ఎడమ అంచుకు జరిగింది. తమరు చెప్పినవన్నీ చేసిందండి. ఆ అంచున నా రాయి ఉంది.

హెల్మెట్ ఉంది. అయినా మెడ విరిగింది. నేను పరుగెత్తాను. ముందు పిల్లను పట్టుకోలేదు. ముందు రాయి ఎత్తి కాలవలో పడేశాను; పోలీసులు వచ్చేసరికి ఆ అంచున ఏమీ లేనందున అతివేగమని వ్రాసుకున్నారు. ఆ తరువాత పిల్ల దగ్గరకు వెళ్ళాను. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

5. అప్పటినుంచి నేను మనిషిని కాను. పట్టపగలు అన్నం కలుపుతుంటే హారన్ వినబడుతుంది. రెండుసార్లు, చిన్నగా, ఆ పిల్ల కొట్టినట్టే. ఎంగిలి చేత్తో రోడ్డు మీదకు పోతాను. ఎవరూ ఉండరు. ఎవరి రాళ్ళు కనబడినా ఎత్తి గట్టు దిగువన వేస్తున్నాను. వెంకటరత్నానికి మతి చలించిందంటున్నారు. తన రాళ్ళు పారేశానని మా ఊరి రైతు ప్రసాదరావు తగువుకి వచ్చాడు. ఈ నెల కాలవకు నీరు ఆపేశారు. నీరు తగ్గి నా రాయి బురదలో బయటపడింది. తమరు ఎవరిని పంపినా చూపించగలవాడను.

6. తమ తరగతి సంగతి ఊళ్ళో పాకింది. రత్నాంబ గారు కొట్టు ముందు ఆగిన ప్రతి ఆడపిల్లకూ "మెల్లగా వెళ్ళమ్మా, మా పిల్లలా దూకుడుగా వెళ్ళకు" అని చెబుతున్నారు. మొన్న నాతోనూ అన్నారు: "చచ్చిపోయిన పిల్ల మీద కోపం పోవడం లేదండి బాబాయిగారూ. నెమ్మదిగా రావే అని ఎన్నిసార్లు చెప్పానండి. విన్లేదండి."

విన్నదమ్మా, అని నేను అనవలసింది.

కావున తమరు దయతో ఆ ఫొటో తీసివేయించి, పోలీసు వారికి తెలియజేసి, "అతివేగము" అను మాట కొట్టించి, అజాగ్రత్త అన్నచోట నా పేరు వ్రాయించవలెను. ఎదుటివాడు తప్పు చేస్తాడని అనుకోమన్నారు గదా. వచ్చే తరగతిలో ఆ ఎదుటివాడిగా నన్ను నిలబెట్టండి. అందరూ చూస్తారు. విధించు శిక్షకు బద్ధుడను.

ఇందలి ప్రతి అక్షరమును చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
వెంకటరత్నం

తా.క.: బాబూ, రత్నాంబ గారికి చెప్పేద్దామని నాలుగుసార్లు వెళ్ళానండి. వెళ్ళినప్పుడల్లా ఆవిడ "ఏం కావాలండి బాబాయిగారూ" అంటారు. ఉప్పు అంటాను. ఇంట్లో ఉప్పు పొట్లాలు పేరుకుపోయాయి. నన్ను పిలిచిన రోజున ఆవిణ్ణి కూడా పిలిపించండి. తలుపు వేయించండి. మీ ముందైతే పారిపోలేనండి.