చెయ్యి మంచిది కాదట

పెదగెడ్డవలస,
రాజాం దగ్గర,
15-7-1968

ప్రియమైన బావకి,

నీ పెళ్ళాం నారాయణ రాసే ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయమంది మీ అమ్మ, అందుకని రాశాను. నేను మాత్రం బాగా లేను.

నల్లపెట్ట పొదిగిన పదకొండు గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. గంపలో ఊక పోసి, మీద గడ్డి పరిచి, ఉరుములకి గుడ్లు చెడిపోకుండా బొగ్గుముక్కా ఇనపమేకూ పెట్టి, అన్నీ అత్త చెప్పినట్టే చేశాను. ఇరవై ఒక్క రోజులూ పొద్దున్నే ఆ పెట్టని గంపలోంచి దింపి నూకలూ నీళ్ళూ పెట్టింది నేనే. ఆ మొండిది దిగదు. చెయ్యి పెడితే పొడుస్తుంది. ముంజేతి నిండా గాట్లే. ఇంకో రెండు రోజులు ఆగి, ఇరవై మూడో రోజున అత్త ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల మురిగిన నీళ్ళు, కంపు. పదకొండూ అంతే.

దానికి అత్త ఏమందో విను. "నీ సెయ్యి మంచిది కాదే. గుడ్లు గంపలో ఎట్టింది నువ్వే కదా, అందుకే ఇలగయ్యింది" అంది.

మన వైపు పిల్లల తల్లి చేతే గుడ్లు పెట్టించాలంటారని నాకూ తెలుసు. మోకాళ్ళ నొప్పితో వంగలేక నా చేత పెట్టించింది తనే. పెట్టినప్పుడు బాగున్న చెయ్యి ఇరవై మూడు రోజుల్లో చెడిపోయింది. ఇప్పుడు పాలు తోడు పెట్టడానికి కూడా నా చెయ్యి పనికిరాదు. ఎదురింటి లక్ష్మణమ్మని పిలుస్తోంది.

ఈ మాట గుడ్ల గురించి కాదని నీకూ తెలుసు బావా. పెళ్ళయి నాలుగేళ్ళయింది, కడుపు పండలేదని ఊరంతా అనుకుంటూనే ఉంది. ఇప్పుడు కోడిపెట్ట కూడా సాక్ష్యం చెప్పినట్టయింది. పెళ్ళయిన ఏడాదికే తీసుకెళ్తానన్నావు. రైల్వే క్వార్టరు సంగతి ఏమైందో ఈసారైనా సరిగ్గా రాయి.

ఒళ్ళు మండిపోతూ,
నీ నారాయణ

—

ఖరగ్‌పూర్,
24-7-1968

ప్రియమైన నారాయణకి,

మీ బావ సోములు ముద్దుగా రాసేది. నీ ఉత్తరం అందింది. కోడిపెట్ట గురించి రెండు కాగితాలు రాసే పెళ్ళాం ఈ వర్కుషాపు మొత్తంలో నా ఒక్కడికే ఉన్నట్టుంది. నా పక్క మంచం కొండబాబుకి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చాడు. "ఒరే, మీ ఆవిడ కోడి మీద రైల్వే బోర్డుకి అర్జీ పెట్టీసినా పెట్టీస్తాది" అన్నాడు.

అమ్మ నోరు నీకు కొత్త కాదు, నీ సొంత మేనత్తే కదా. ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యి. క్వార్టరు జాబితాలో నా పేరు ఇంకా చాలా కిందనే ఉంది. మన చేతిలో ఏముంది. ఇక్కడ వానలు. వర్కుషాపులో ఒంటిమీద చొక్కా ఆరడం లేదు. ఎప్పటిలాగే ఉత్తరాలు వర్కుషాపు చిరునామాకే రాయి.

నీ తిట్లకి కూడా ఎదురుచూసే,
సోములు

—

పెదగెడ్డవలస,
2-8-1968

ప్రియమైన బావకి అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను,

నా ఉత్తరం ఎవడో కొండబాబుకి చదివి వినిపించావా? నేను ఏడుస్తూ రాశాను, మీరిద్దరూ నవ్వుకున్నారు. బాగుంది.

ఇప్పుడు ఎర్రపెట్ట పొదుగుకి వచ్చింది. ఆదివారం పదమూడు గుడ్లు పెట్టారు. ఆ గుడ్లు రోజూ ఏరింది నేను, తవుడు కుండలో దాచింది నేను, గంప సిద్ధం చేసింది నేను. పెట్టడానికి మాత్రం లక్ష్మణమ్మ వచ్చింది, ఆరుగురు పిల్లల తల్లి కనక. ఆవిడకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి గూటి దగ్గరికి తీసుకెళ్ళారు. నేను వంటింటి గుమ్మం దాటకూడదట. "గూటికాడికి రాకు, నీ నీడ పడకూడదు" అంది అత్త. నీడ కూడా మంచిది కాదన్నమాట.

ఉగాది నుంచి కోళ్ళు వీధి మొహం చూడలేదు. అవి వాళ్ళ దొడ్లోకి పోయి వంగనారు గీకేశాయని పక్కింటి తాతమ్మ, అత్త కొట్టుకున్నంత పనయింది కదా. ఆ పంతానికి అత్త పెరటి చుట్టూ ముళ్ళకంప కట్టించింది. పిల్లి కూడా దూరలేదు. వాటి పెంటంతా పెరట్లోనే. ఊడవడానికి నా చెయ్యి బంగారం లాంటిది. గూటి చుట్టూ నాలుగడుగులు వదిలేసి ఊడవాలి, అంతే.

ఇప్పుడు పెట్టని దింపేది అత్తే. మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది, పొడిపించుకుంటుంది, నన్ను తిడుతుంది. నీళ్ళ ముంత గుమ్మంలో పెడితే వచ్చి పట్టుకెళ్తుంది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. నిన్న లక్ష్మణమ్మతో అత్త అంటూంటే నా చెవులతో విన్నాను. "ఈ గంపలో పిల్లలు దిగినాయంటే తప్పు దీనిదేనని తేలిపోయినట్టే. అన్న కూతురని ఎన్నాళ్ళు ఊరుకుంటాను? దసరా ఎల్లాక పుట్టింటికాడ దింపీసి, ఆడికి ఇంకో సంబంధం సూస్తాను" అంది. లక్ష్మణమ్మ తల ఊపింది.

ఆ పదమూడు గుడ్లు పిల్లలు కావాలని మొక్కుకోవాలో, కాకూడదని మొక్కుకోవాలో నాకు తెలియడం లేదు. పిల్లలైతే నా కాపురం పోతుంది. కాకపోతే నేను నీడ వేశానంటారు. పొద్దున్న లేచి ఆ పెట్టని చూస్తే గంపతో సహా తీసుకెళ్ళి గెడ్డ నీళ్ళలో పడెయ్యాలనిపిస్తోంది. దానికేం పాపం తెలుసు, తిండి మానేసి కూర్చుంది.

నువ్వు ఒక్కసారి వచ్చి మీ అమ్మతో మాట్లాడు. నవ్వులాట కాదు బావా.

ఎటూ తోచని,
నారాయణ

—

ఖరగ్‌పూర్,
10-8-1968

ప్రియమైన నారాయణకి,

నువ్వు అంత బెంగ పెట్టుకోకు. అమ్మ కోపంలో అన్న మాటలు అవి. రెండో సంబంధం లేదు, ఏమీ లేదు. నువ్వు గూటి దగ్గరికి వెళ్ళకు, ఆవిడ చెప్పినట్టు చెయ్యి, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది. నేను రావాలంటే సెలవు కావాలి. పండక్కి వచ్చి వెళ్ళాను కదా, మళ్ళీ వచ్చే ఏడాదే. క్వార్టరు సంగతి అడిగాను, ఇంకా లేదన్నారు.

ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త ఆవకాయ పంపు. ఇక్కడి కూరల్లో ఆవనూనె వాసన పడక చస్తున్నాను.

ఎప్పుడూ నీ క్షేమం కోరే,
సోములు

—

పెదగెడ్డవలస,
24-8-1968

బావకి,

ఆవకాయ పంపడం లేదు.

ఎర్రపెట్ట గుడ్లు కూడా పిల్లలు కాలేదు. ఇరవై ఒకటో రోజు గడిచింది, మర్నాడు గడిచింది, ఆ మర్నాడూ గడిచింది. అత్త గంప దగ్గర చెవి పెట్టి కూర్చుంది. ఒక్క గుడ్డులోనూ చప్పుడు లేదు. లక్ష్మణమ్మ వచ్చి చూసి వెళ్ళిపోయింది. ఆవిడ చెయ్యి మంచిది కాదని ఎవరూ అనలేదు. "నువ్వు తొంగి సూసుంటావు. నిజం సెప్పు, సూసినావా నేదా?" అని నన్ను అడిగింది అత్త.

నాకు ఒళ్ళు తెలియలేదు. గుమ్మం దాటి వెళ్ళి, పెట్టని పక్కకి తోసి, గంప పెరటి మధ్యకి ఈడ్చి, ఒక్కొక్క గుడ్డూ రాయి మీద కొట్టాను. పదమూడింట్లో ఒక్కదాంట్లోనూ పిల్ల ఆనవాలు లేదు. నెత్తురు చార కూడా లేదు. నేను కొడుతూంటే, ఉగాది నుంచి మాతో మాట్లాడని తాతమ్మ కంప అవతల నిలబడి చూసి చూసి, ఇంక ఆగలేక నోరు విప్పింది.

"ఓలమ్మ, ఎన్ని సార్లు పొదిగేస్తారే మీరు? మీ గూట్లో పుంజేదే? ఉన్న పుంజుని అమ్మోరి పండక్కి కోసీసినారు. మా పుంజు రాకండా కంప కట్టీసినారు. ఇంక మీ పెట్టలు పిల్లల్ని ఎక్కడినుంచి తెస్తాయేటి?"

నేనూ అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే కదా. వైశాఖంలో అమ్మవారి పండక్కి నువ్వు ఐదు రోజుల సెలవు మీద వస్తే, ఇంట్లో ఉన్న ఒక్క పుంజునీ కోశారు. ఊళ్ళో ఇంటికో పుంజు తిరుగుతుంది, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, పుంజు సంగతి ఎవరూ ఎప్పుడూ ఆలోచించి ఎరగరు. ఈ ఏడు కంప ఉందని మాకు తట్టనే లేదు. ముగ్గురాడవాళ్ళం, రెండు పెట్టలు, ఇరవై నాలుగు గుడ్లు, పసుపూ బొట్టూ తాంబూలం. తప్పు మాత్రం నా చేతిదని తేల్చేశారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది, నీకు దాచను. "అత్తా, పుంజు నేకండా పెట్ట ఏటి సేస్తాది? నాలుగేళ్ళలో నీ కొడుకు ఈ ఇంట్లో ఉన్నది ముప్పై ఒక్క రోజు, నేను లెక్కెట్టుకున్నాను. ఆ ముప్పై ఒక్క రోజూ ఇంటినిండా సుట్టాలే. నా సెయ్యి మంచిది కాదన్నావు, నా నీడ మంచిది కాదన్నావు. ఆడేడి?"

తాతమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అత్త గుమ్మంలో కూలబడింది. ఆ పూట అన్నం తినలేదు, ఇవాళ్టికీ నాతో మాట లేదు. పెద్దదాన్ని అలా అన్నందుకు నాకు సిగ్గుగానే ఉంది. అన్నందుకు మాత్రం బాధ లేదు.

ఈ ఉత్తరం కూడా కొండబాబుకి చదివి వినిపించు.

నారాయణమ్మ

—

కార్డు
ఖరగ్‌పూర్, 31-8-1968

నారాయణకి,

నీ ఉత్తరం చదివాను. ఎవరికీ వినిపించలేదు. నువ్వన్నది తప్పనను. కాని అమ్మని పక్కింటివాళ్ళ ముందు అంత మాట అనొచ్చా? ముందు ఆవిడకి నచ్చచెప్పి అన్నం తినిపించు. క్వార్టరు ఉంటే నేను మాత్రం తీసుకురానా? వచ్చే ఏడాదికి తప్పకుండా వస్తుందంటున్నారు. అంతవరకు ఓర్చుకో.

సోములు

—

పెదగెడ్డవలస,
8-9-1968

బావకి,

నీ కార్డు నిన్న వచ్చింది. అత్తకి చదివి వినిపించాను. "వచ్చే ఏడాదికి తప్పకుండా వస్తుందంటున్నారు" అన్న దగ్గర ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. లేచి లోపలికి వెళ్ళి, తన బట్టల పెట్టె అడుగునుంచి ఇంకో కార్డు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "సదువు" అంది.

అది నువ్వు నిరుడు చైత్రంలో రాసిన కార్డు. మా అమ్మకి జ్వరమని నేను పుట్టింటికి వెళ్ళిన వారంలో వచ్చిందట. పోస్టుమాన్ నరసింగరావు చదివి పెట్టాడట. "అమ్మా, క్వార్టరు ఇచ్చారు. నారాయణని తీసుకురానా? నువ్వు ఒంటరిదానివైపోతావు. నువ్వెలా చెప్తే అలా చేస్తాను" అని నీ చేతి రాతే. అప్పుడే వద్దని ఆ నరసింగరావు చేతే జవాబు రాయించింది.

నేను చదవడం అయ్యాక అత్త నా పక్కన కూర్చుంది. "నాను ముసిల్దాన్నయిపోయినాను, నువ్వెల్లిపోతే ఊడుపులకి ఎవరున్నారు, నాకు గంజి ఎవరు కాస్తారు అని బయమేసింది. నానే ఆపీసినాను. ఊళ్ళోవాళ్ళు పిల్లలేరీ అని అడిగితే ఆ మాట సెప్పనేక నీ సెయ్యి మీద ఎట్టీసినాను" అంది. నా ముంజేతి మీద పాత గాట్లు నిమిరింది. ఆవిడ మీద కోపం పోయిందని రాయలేను. కాని ఆవిడ తన నోటితో చెప్పింది.

నువ్వు చెప్పలేదు. పదిహేడు నెలలు. పండక్కి వచ్చి నా పక్కన కూర్చుని కూడా చెప్పలేదు. అమ్మ వద్దంది అని ఒక్క ముక్క రాస్తే నేను నీతో పోట్లాడేదాన్ని, ఆవిడతో పోట్లాడేదాన్ని, ఏదో ఒకటి తేలేది. ప్రతి ఉత్తరంలోనూ జాబితా అన్నావు, పేరు కిందనుంది అన్నావు. ఆవిడ వద్దన్నా ఆ క్వార్టరు నువ్వు వదులుకోలేదని కూడా అత్తే చెప్పింది. వర్కుషాపు చిరునామాకే రాయమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. నా చెయ్యి మంచిదా కాదా అని ఇక్కడ ఊరు తీర్పు చెప్తూంటే, నువ్వు ఆ ఇంట్లో కొండబాబుతో కలిసి వండుకు తింటూ నా ఉత్తరాలు చదివి నవ్వుకున్నావు.

అత్త గురించి బెంగ పెట్టుకోకు. తాతమ్మ వచ్చి తోడు పడుకుంటానంది, పొలం పని పాలికిచ్చాం. ఇరవై ఒకటో తేదీ శనివారం ఆమదాలవలసలో హౌరా వైపు వెళ్ళే బండి ఎక్కుతున్నాను. బస్సులో స్టేషను దాకా అత్తే వస్తుందట, మోకాళ్ళ నొప్పితో వద్దన్నా వినడం లేదు.

నువ్వు స్టేషనుకి రావాలనిపిస్తే రా. రాకపోయినా పర్వాలేదు. క్వార్టరు నంబరు నీ పాత కార్డులోనే ఉంది, దారి అడుగుతూ వచ్చేస్తాను. కొండబాబుని మాత్రం నేను వచ్చేలోగా తన మంచం తీసుకుని వేరే చోటు చూసుకోమను.

నారాయణమ్మ