అబ్బాజాన్ పేరున్న లైటు

మలికా, అమ్మీకి సలాం చెప్పు. ఈ అడవిలో సిగ్నల్ లేక కార్డు రాస్తున్నాను. అటక మీద ఉందని నువ్వు మూడేళ్లుగా చెబుతున్న అబ్బాజాన్ పెట్రోమాక్స్ లైటు ఇక్కడి రిసార్టులో తేలింది! ఓనరు ఎక్కడో కొన్న పాత లైట్లను బాగుచేయమని నా ముందు కుప్ప పోశాడు. ఒకదాని ట్యాంకును చింతపండుతో తోముతుంటే అబ్బాజాన్ కొట్టించిన పేరు బయటపడింది: జానీ మియా, నేలకొండపల్లి. తుక్కుకు వేసింది నువ్వా, అమ్మీయా? ఓనరేమో "గా పేరు గీకెయ్, మంచిగ లేదు" అన్నాడు. ఒళ్లు మండి, "ఇది వెలగదు సార్, ట్యాంకు పోయింది" అని అబద్ధమాడాను. "అయితే అవుతల పారెయ్" అన్నాడు. పారేస్తానా? నీ పాపకు దగ్గు తగ్గిందా? లైటు వెలగడానికి లోపల కట్టే గుడ్డ వల, కొత్త మ్యాంటిల్, ఇంట్లో నా పనిముట్ల డబ్బాలో ఉందేమో చూడు. శుక్రవారం వస్తాను. అప్పటిదాకా అబ్బాజాన్ అడిగితే అటక మీదే ఉందని చెప్పు, నీకు అలవాటేగా.

నీ అన్న, జావీద్