ఆకుపచ్చ సీసా సంగతి

టీచర్ గారికి నమస్కారం.

మీ తరగతిలో మొదటి బల్ల మీద కూర్చునే మా చెల్లి రేపు విహారయాత్రకు రెండు నీళ్ల సీసాలు తెస్తుంది. ఆకుపచ్చ సీసాలో విరేచనం సాఫీగా అవడానికి డాక్టర్ గారు రాసిచ్చిన పొడి కలిపాను. భోజనమయ్యాక అది మొత్తం తాగాలి. ఎవరడిగినా కాదనలేని పిల్ల, ఆ సీసా మాత్రం పంచనివ్వకండి. కాసేపయ్యాక ఏదో పని చెప్పినట్టు పిలిచి మరుగుదొడ్డికి పంపండి. ఒకసారి తలుపు బయట పిల్లలు నవ్వారట, అప్పటినుంచి బడిలో బిగబట్టుకుంటోంది. అమ్మకు రాయడం రాదు, అందుకే నేను రాస్తున్నాను.

"టీచర్‌కి చెప్పొద్దక్కా! వాళ్లకి ఇలాంటివి ఉండవు, నన్ను ఛీ అంటారు" అని ఏడ్చింది.

మీకూ ఉంటాయని ఒక్కసారి దాని చెవిలో చెప్పండి, మేడం.

మీ మీద నమ్మకంతో,
వాళ్లక్క