మే అంటే నెల కాదట

ఏప్రిల్ 28, మంగళవారం

నవ్వు ఆగడం లేదు. మూడేళ్లుగా మా నీటి సంఘం ప్రెసిడెంటును నేనే. అయినా కాలువలు కట్టేసే మే నెల రాగానే, సంతకం చేసే అధికారం వైస్ ప్రెసిడెంటయిన బావగారికి రాసిచ్చేస్తున్నాను. ఇంగ్లీషు రూల్సు కాగితంలో "ప్రెసిడెంట్ మే డెలిగేట్" అన్నచోట వేలు పెట్టి, "మే అని రాసుంది చూడమ్మా, కాలువ పనుల నెల కదా" అన్నారాయన. నమ్మేశాను.

ఇవాళ మా అమ్మాయి శ్రావణి, "షల్ అంటే చేసి తీరాలి, మే అంటే చేయవచ్చు" అని ఇంగ్లీషు పాఠం గట్టిగా వల్లె వేస్తోంది. పెనం మీద అట్టు మాడింది. రూల్సు కాగితం తెచ్చి చూపించాను.

"నెల కాదమ్మా! నీకిష్టమైతే అధికారం ఇవ్వొచ్చు, లేకపోతే లేదు."

నాకిష్టమైతేనట!

బావగారికి తెలిసే అలా చెప్పారా, ఆయనకీ తెలియదా? అదొక్కటే గుచ్చుతోంది. రేపు పొద్దున్నే నా సంతకం కోసం అధికారం రాసిచ్చే కాగితం పట్టుకొని వస్తారు. ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. "ఈసారి నేనే చూసుకుంటానండీ బావగారూ" అని అద్దం ముందు నాలుగుసార్లు అన్నాను. నాలుగోసారికి గొంతు వణకలేదు.

ఈ ఏడు మే నాదే.