ఫ్రేము మాత్రం ఇక్కడే ఉండిపోయింది

అన్నా,

నేను శీనుని. గుడియాత్తం నుంచే రాస్తున్నాను, ఇంకెక్కడికి పోతాను? నిన్నటితో నువ్వు పోయి ఏడాది. బాగున్నావా అని అడగాలో వద్దో తెలియడం లేదు... అడిగేశాను, పోనీ.

కుదురుగా కూర్చుని రాద్దామనుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచాను. ఒకసారి అరుగు మీదున్న సైకిలు టైర్లలో గాలి ఉందో లేదో నొక్కి చూడడానికి. ఇంకోసారి ఊరికే. "వీణ్ణి లుంగీల కొట్టులో మేకేసి కొట్టినారా ఏమి, లేవనే లేవడు" అని నన్ను ఎగతాళి చేసేవాడివి కదా. ఇప్పుడు చూస్తే నవ్వుతావు. ఏడాదిగా నాకు కాలు నిలవడం లేదు.

ఏ సైకిలు అంటావా? నీదే. సగం నీది అనాలేమో. మొదటి నుంచి చెప్తాను, అడ్డం రాకుండా వింటావా?

ప్రతి ఏడూ ఆయుధ పూజకు వారం ముందు సైకిలంతా విప్పేసేవాడివి. చక్రాలు గోడకు ఆనించి, హ్యాండిలు మంచం కింద, బేరింగు గుండ్లు కిరసనాయిలు గిన్నెలో. కాలు పెట్టే చోటు ఉండేది కాదు ఇంట్లో. పూజ నాటి పొద్దునకు అన్నీ బిగించి, తుడిచి, బొట్టు పెట్టి నిలబెట్టేవాడివి. పోయిన ఏడు విప్పడం వరకే అయింది. మూడు రోజుల జ్వరం... అంతే.

కర్నూలు రాజధానిగా మనవాళ్ళ ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నెల అది. చిత్తూరు అటు పోయింది, మనం ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాం, తిరుత్తణి ఎటు అని బజారంతా గొంతులు చించుకుంటోంది. వాళ్ళ మధ్య నుంచే నిన్ను మోసుకుపోయాము. మేము దాటేదాకా ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టారు.

పదకొండో రోజు నేను చేసిన పని నీకు తెలుసా? అక్కడి నుంచి కనబడుతుందా ఇదంతా?

పెదనాయన అన్నాడు: "వాని చెప్పులు, గొడుగు, పరుపు, బండి... అన్నీ ఇచ్చేయప్పా. ఈడ ఇచ్చినవి ఆడ వానికి చేరతాయి. పోయే దారి శానా దూరం." బండి అంటే సైకిలే. అదేమో ముక్కలుగా పడి ఉంది. నాకు బిగించడం రాదు. బిగించేవాణ్ణి పిలుద్దామన్న బుద్ధీ పుట్టలేదు. నీ కోసం వచ్చి చేయి వేసినవాళ్ళకు తలా ఒక ముక్క పంచేశాను. పాడె మోసిన మునుసామికి, అదే, మనకు లుంగీలు నేసే మునుసామికి, రెండు చక్రాలు. అణైకట్ నుంచి పరుగెత్తుకొచ్చిన నీ స్నేహితుడు గోవిందప్పకు హ్యాండిలు, సీటు. పెడళ్ళు, చైను, గుండ్లు వేసిన నీ బిస్కెట్ల డబ్బా శాస్త్రిగారికి. ఒక్కొక్కదానికీ నీళ్ళు వదిలాను.

చివరికి ఫ్రేము మిగిలింది. అదీ ఇవ్వబోతే పెదనాయన వేలు మడిచి గొట్టం మీద కొట్టి చూశాడు. ఖంగుమంది. "లోపలంతా ఖాళీ కదప్పా ఇది! ఖాళీ చెంబు దానం ఇస్తామా యాడన్నా? అటకెక్కించు" అన్నాడు. ఎక్కించాను.

నాలుగు రోజుల తరువాత, కొట్టులో లుంగీలు మడతపెడుతుంటే తట్టింది నాకు. ఇక్కడ ఇచ్చినవి అక్కడ చేరతాయంటే... చక్రాలు చేరి ఉంటాయి. హ్యాండిలు చేరి ఉంటుంది. చైనూ, సీటూ అన్నీ. ఫ్రేము మాత్రం ఇక్కడే ఉండిపోయింది! రెండు చక్రాలు చంకలో ఇరికించుకుని, హ్యాండిలు మెడకు తగిలించుకుని ఆ దారిలో నడుస్తున్నావా అన్నా? మొదట నవ్వొచ్చింది. చేతిలో లుంగీ పెట్టుకుని ఒక్కణ్ణే నవ్వాను. ఆ తరువాత ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను.

అదొక్కటైతే ఎలాగో తట్టుకునేవాణ్ణి. వదిన నాతో మాట మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ పదకొండో రోజు సాయంత్రం నుంచి మాట లేదు, అంతే. నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటే, "కమలా, చారు కావాల్నేమో మీ ఆయన్ను అడుగు" అని నా భార్యతో అనేది. కమల నన్ను అడిగేది. నేను కమలకు చెప్పేవాణ్ణి. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం, ఇదీ మా సంసారం.

ఎందుకు కోపం అని నేను ఆలోచించకుండా ఉంటానా? తెల్లవారక ముందే ఆమెను ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని ఏటి గట్టు దాకా పోయి వచ్చేవాడివి. మాకెవరికీ తెలియదనుకున్నారు మీరిద్దరూ. వీధి వీధంతటికీ తెలుసు అన్నా. ఆ సైకిలును కూరగాయల్లా పంచిపెట్టాను కాబట్టి కోపం అనుకున్నాను.

ఈలోగా వదిన వాళ్ళన్న చిత్తూరు నుంచి రెండుసార్లు వచ్చాడు. "ఇంగ అది మన రాజ్యం. ఈ అరవదేశంలో ఏముండాది దీనికి? సంవత్సరీకం అయినాక వచ్చి పిలుచుకోని పోతా" అన్నాడు పెదనాయనతో. పెదనాయన సరే అన్నాడు. వదిన తలుపు వెనకాల ఉంది.

అప్పుడు పట్టుకుంది నాకు ఈ పిచ్చి. ఆమె చిత్తూరు బస్సు ఎక్కేలోపు నాతో ఒక్క మాట మాట్లాడాలి. తిట్టయినా సరే. ఆ సైకిలును మళ్ళీ నిలబెట్టి, సంవత్సరీకం నాడు నిండు బండిగా దానం ఇచ్చేస్తే నీకూ ఫ్రేముతో సహా చేరుతుంది, ఆమె మనసూ కుదుటపడుతుంది. ఇదీ నా లెక్క. బాగుంది కదా? నాకూ బాగుందనే అనిపించింది.

అటక మీది నుంచి దింపాను. "ఒరే, ఇది ఇంగ్లీషు ఉక్కురా, చంటిబిడ్డంత బరువు కూడా లేదు చూడు" అని ఊళ్ళో అందరి చేతా మోయించేవాడివి. తెల్లవాళ్ళు పెట్టేబేడా సర్దుకునేటప్పుడు కాట్పాడి రైల్వే బంగళాలో ఒక దొర అమ్ముకుంటుంటే తెచ్చావు. "స్వాతంత్ర్యం వచ్చి నాకు ఇచ్చింది ఇదొక్కటేరా శీనా" అనేవాడివి. గరుకైన ఉప్పు కాగితం పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. పైన నువ్వు వేసిన నలుపు. దాని కింద ఆకుపచ్చ. ఆ కింద ఇటుక ఎరుపు. మూడు వారాలు రుద్దితే ఉక్కు బయటపడింది. వేళ్ళ చర్మం ఊడి లుంగీ పోగులు పట్టుకోలేకపోయేవాణ్ణి. కొట్టుకు వచ్చినవాళ్ళు ఏమప్పా ఇది అంటే కోపం వచ్చేది.

ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు కదా. అందుకని అడగడానికి కాదు, ఊరికే చూసి వద్దామని మునుసామి ఇంటికి పోయాను. నీ ముందు చక్రం ఏం చేస్తోందో తెలుసా? వాడు దాన్ని కొయ్య మీద నిలబెట్టి రాట్నం చేసుకున్నాడు! వెనకదీ ఇంకో రాట్నానికే పోయింది. వాడి పెళ్ళాం పిడి తిప్పుతుంటే చక్రం గిర్రున తిరుగుతోంది, కండెకు నూలు చుట్టుకుంటోంది. నేను నోరు తెరవకముందే మునుసామి చేతులు పట్టుకున్నాడు. "అడగబాకు సామీ. నువ్వు అడిగితే ఇయ్యకుండా ఉండలేను. ఇస్తే పాపం నీకు, పస్తు మాకు." నేను అడగలేదు. చాలాసేపు ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్కసారి కూడా ఆపలేదు.

వేరే రిమ్ముల కోసం కాట్పాడికి ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. సన్న రిమ్ములు ఎవరి దగ్గరా లేవు. దొరికే వరకు ఇంట్లో కూర్చోలేకపోయాను. చివరికి పాత సామాను అంగట్లో తుప్పు పట్టిన జత దొరికింది. వాటికి స్పోకు పుల్లలు అల్లింది మునుసామే. పడుగు పోగు బిగి చూసినట్టు ఒక్కొక్క పుల్లనూ వేలితో మీటి, తల పక్కకు వంచి విని, బిగించాడు. చక్రం వంకర లేకుండా తిరిగింది.

నీ బిస్కెట్ల డబ్బా వేలూరు లాంగ్ బజారులో, సైకిలు షాపు బల్ల మీద కనబడింది. శాస్త్రిగారు అమ్మేశారు. పాపం, ఆయన పెడళ్ళు పెట్టుకుని ఏం చేస్తారు? దాన్నీ, పక్కనున్న ఇంకో సీటునూ నేను కొనేశాను. కొంటే తిరిగి తీసుకున్నట్టు కాదు కదా అన్నా? కాదు కదా?

అణైకట్ పోతే గోవిందప్ప నీ హ్యాండిలును పశువుల కొట్టంలో గోడకు కొట్టి పలుపులు తగిలించుకున్నాడు. పొట్టేలు కొమ్ముల్లా ఉంది అక్కడ, బాగుంది కూడా. వాళ్ళ ఊరి కమ్మరి దాన్ని చూసి ఇంకో గొట్టాన్ని అలాగే వంచిపెట్టాడు. ఎడమ పక్క ఇంత కిందికి దిగింది. "మీ అన్న మాత్రం తిన్నంగా యాడ పోయినాడులేప్పా" అని నవ్వాడు గోవిందప్ప. నవ్వి, "మీ వదిన ఏమంటాది దీనికి?" అన్నాడు. ఆమె మాట్లాడదు అన్నాను. "అది సరే, నువ్వు మాట్లాడినావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మజ్జిగ కూడా తాగకుండా వచ్చేశాను.

ఎడమ పెడలు పాడు చేశాను. బలమంతా పెట్టి బిగించాను, మర అరిగిపోయింది. "ఎడమది ఎదురు తిరగతాదిరా, బలం చూపించబాకు" అని నువ్వు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ముందే గుర్తు చేస్తే నీ సొమ్మేం పోయేది? మళ్ళీ వేలూరు, మళ్ళీ మర కోయించడం.

ఒక రోజు కిరసనాయిలులో వేసి మరిచిపోయిన గుండ్లు, కొట్టు నుంచి వచ్చేసరికి శుభ్రంగా తుడిచి, తెల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో ఉన్నాయి. కమలను అడిగితే నేను కాదంది. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమో! వదినకు నచ్చుతోంది, నా దారి సరైనదే అనుకున్నాను. ఎంత తెలివిగలవాణ్ణి చూడు.

నిన్న సంవత్సరీకం. సైకిలుకు నలుపు రంగే వేశాను, గంధం పెట్టాను. పెదనాయన, శాస్త్రిగారు, మునుసామి, గోవిందప్ప అందరూ వచ్చారు. చిత్తూరు నుంచి వాళ్ళన్న పొద్దున్నే దిగాడు. వదిన ట్రంకుపెట్టె అప్పటికే నడవలో ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో.

హ్యాండిలు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి అరచేతిలో నీళ్ళు పోయించుకున్నాను. శాస్త్రిగారు చెయ్యి చాపారు. అప్పుడు వదిన లోపలి నుంచి వచ్చి, అంతమంది మగవాళ్ళ మధ్యకు వచ్చి, సీటు పట్టుకుంది.

"శీనా, ఆ పొద్దు నన్ను అడిగినావా?"

ఏడాది తరువాత నా పేరు పిలిచింది అన్నా. నాకు మొదట అదే వినబడింది. మాట అర్థం కావడానికి కాస్త పట్టింది.

"ఈ పొద్దన్నా అడిగినావా? ఆయన చెప్పుల జత ఒకటి నాకు కావాలని ఉండిందేమో. గొడుగు కావాలని ఉండిందేమో. ఒక్కరన్నా అడిగినారా?"

వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయాయి. వాళ్ళన్న ముందుకు వచ్చి, "ఇప్పుడెందుకమ్మా ఇదంతా, బస్సుకు టైమాయె" అన్నాడు. వదిన ఆయన వైపు తిరిగింది. "నువ్వూ అడగలేదన్నా" అంది. గట్టిగా కూడా అనలేదు.

చక్రాలు కాదు, పెడళ్ళు కాదు. ఏడాదంతా ఊళ్ళు పట్టుకుని తిరిగాను, అణైకట్ కమ్మరిని అడిగాను, పాత ఇనుము అంగళ్ళను అడిగాను, వంటింట్లో ఉన్న మనిషిని అడగలేదు. మళ్ళీ అదే పని చేయబోయాను చూడు, ఈసారి బొట్టు పెట్టి మరీ!

అందరి ముందే అడిగాను. "వదినా, ఈ సైకిలును ఏం చేయమంటావు?"

ఆమె దాన్ని ముందు నుంచి వెనకదాకా చూసింది. వంకర హ్యాండిలును, మార్చిన రిమ్ములను. "ఆలోచించి చెప్తా. తొందరేమి?" అంది. ట్రంకుపెట్టె తనే ఎత్తుకుని లోపలికి పోయింది. పోతాదో ఉంటాదో అదీ ఆలోచించి చెప్తానందట కమలతో. వాళ్ళన్న ఒక్కడే బస్సెక్కాడు. శాస్త్రిగారు సైకిలుకు బదులు ఇంకేదో దానం పట్టుకుని పోయారు.

ఇదీ సంగతి. నీ ఫ్రేము ఇంకా ఇక్కడే ఉంది అన్నా. వస్తుందని మాట ఇవ్వలేను. ఆమె దానం ఇస్తుందో, దాచుకుంటుందో, అమ్మేస్తుందో, చిత్తూరు తీసుకుపోతుందో... నాకేం తెలుసు? పొద్దున్నుంచి ఏడుసార్లు వంటింటి గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. అడగను. అడిగేశాను కదా, ఇక జవాబు ఆమెది. కూర్చోవడం నేర్చుకోవాలి.

కోపగించుకోకు. ఆమె ఏం చెప్తే అదే చేస్తాను. ఈసారి నిన్ను కూడా అడగను.

నీ తమ్ముడు,
శీను