నలభై ఒక్క డబ్బాల్లో ఉన్న అంబాసిడర్

కలకత్తా ఏక్‌బాల్‌పూర్ వాస్తవ్యుణ్ణి, కీర్తిశేషులు దుంపల గురువులు గారి కుమారుణ్ణి, ఓడల డాక్‌లో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైన దుంపల ఢిల్లీశ్వరరావు అనే నేను, నా డెబ్బై రెండో ఏట చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి నిలకడగా ఉంది. చేతులే నిలకడగా లేవు. రెండేళ్లుగా వణుకుతున్నాయి, ఇంక తగ్గదని డాక్టరు చెప్పేశాడు. అందుకే మాటలు నావి, రాత మా తెలుగు బడి శ్రీనివాస రావు మాస్టారిది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలనూ లేదు. బతిమాలేంత ఆస్తీ లేదు. లోగడ నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలుచేసే బాధ్యత మాస్టారిదే.

1. రెండు గదుల ఇల్లు, దాని పక్కనున్న రేకుల షెడ్డు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య నాగేశ్వరికి సర్వహక్కులతో చెందాలి. ఆమె తదనంతరం మా ఒక్కగానొక్క అమ్మాయి రమాకుమారికి. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు.

2. షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టిన తెల్ల అంబాసిడర్ కారు కూడా నాగేశ్వరిదే. 2005లో వేలంలో కొన్నప్పుడు దీని అడుగున చెయ్యి దూరేంత కన్నం ఉండేది. అప్పటినుంచి ప్రతి ఆదివారం దీని మీద పనిచేశాను. ఆదివారానికి ఒక్క పనే, అది నా నియమం. డాక్‌లో ఓడ వెళ్లిపోవాలి, త్వరగా కానివ్వమని పైవాళ్లు నెత్తిమీద కూర్చునేవారు. ఇక్కడ నెత్తిమీద ఎవరూ లేరు. ఎడమ తలుపు బందు సరిగ్గా కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. తుప్పు వదిలిన బోల్టును కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చూసుకుంటే ఆ వారమంతా కడుపు నిండినట్టుండేది. ఈ మాట ఇంట్లో చెబితే నవ్వేవారు. నా వీలునామా చదివి నవ్వితే నాకు వినబడదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

3. నా స్పానర్లూ, జాకీ కూడా వెల్డర్ ఇస్మాయిల్ భాయ్‌కి ఇవ్వాలి. కారు అడుగుభాగమంతా అతుకు వేసింది అతనే. ఇంకొక్కటి బిగిద్దామని నేనంటే, "బస్ దాదా, ఈరోజుకి చాలు" అని హిందీలో ఆపి టీ తెప్పించేవాడు. ఇద్దరం తిరగేసిన బకెట్ల మీద కూర్చుని ఆరోజు చేసిన పని వైపు చూస్తూ తాగేవాళ్లం. ఈ వీలునామాకి సాక్షి సంతకం చేస్తానని వచ్చాడు. వాటా ఉన్నవాడు సాక్షిగా పనికిరాడని మాస్టారు అంటే, అయితే స్పానర్లు వద్దు, సంతకమే పెడతానని అలిగాడు. స్పానర్లు అతనికే.

4. నా బావమరిది మురళీమోహన్ 2011లో కారు వెనక సీటును "రెండు రోజుల్లో తెచ్చిత్తాను బావా" అని పట్టుకెళ్లి వాట్‌గంజ్‌లో తన టీకొట్టు ముందు బల్లగా వేసుకున్నాడు. అడిగితే, "నీ కారు కదిలీసరికి నా మనవలు మీసాలు గీసుకుంతారు" అన్నాడు. ఆ సీటు అతనికే వదిలేస్తున్నాను. క్షమించానని మాత్రం అనుకోవద్దు.

5. ఇంజను కారులో లేదు. విప్పి నలభై ఒక్క డబ్బాల్లో పెట్టాను. ఏ డబ్బాలో ఏముందో, ఏ వరసలో బిగించాలో చీటీలు అంటించాను. అన్నీ తెలుగులోనే. ఇస్మాయిల్‌కి తెలుగు రాదు. రమాకుమారి తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు, ఇక్కడి బడిలో చదివిన పిల్ల. పోయిన నెల న్యూ టౌన్‌లో తన ఇంటి నుంచి వచ్చినప్పుడు సాయం చేద్దామని డబ్బా ఎత్తి, "నాన్నా, దీని మీద ఏటి రాసున్నాది?" అనడిగింది. చెప్పాను. ఎలా పెట్టాలో చూపించబోతే నట్టు వేళ్లలోంచి జారి కాలవలో పడింది. అమ్మాయి నా మొహం చూసి డబ్బా మూసేసింది. తెలుగులో ఏమరుపాటున రాయలేదు. నేను లేకుండా ఇంకొకరు చెయ్యి పెట్టకూడదనే రాశాను. మాస్టారు ఆ చీటీలు చదువుతుంటే అమ్మాయి తనకొచ్చిన అక్షరాల్లో రాసుకోవాలి. డబ్బాలు ఆమెవి. బిగించినా సరే, తూకానికి వేసినా సరే.

6. ఇది నాగేశ్వరికి. ఇల్లు రాసిచ్చినంత మాత్రాన తీరేది కాదు. 2016 డిసెంబరులో ఒక ఆదివారం ఇంజను నడిచింది. నాలుగు నిమిషాలు. సందులో వాళ్లంతా వచ్చారు. నాగేశ్వరి లోపలికెళ్లి కొత్త చీర కట్టుకుని, చెప్పులేసుకుని వచ్చి, "ఏటండీ, ఇంక ఎల్దుమా?" అంది. ముందు సీట్లో కూర్చుని గంగ ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ దాకా వెళ్లాలని ఆమె అప్పటికి పదకొండేళ్లుగా అనుకుంటూ ఉంది. ఇంజనులో ఏదో చప్పుడుంది, విప్పి చూడాలి, వచ్చేవారం వెళదామన్నాను. మర్నాడే విప్పేశాను. చప్పుడేమీ లేదు. ఇస్మాయిల్‌కి తెలుసు, నా కోసం నోరు మూసుకున్నాడు. బండి కదిలిపోతే ఆ పై ఆదివారం ఏం చెయ్యాలో తోచక భయమేసింది, అంతే. మళ్లీ మెల్లగా బిగించుకోవచ్చు, కాలం బోలెడుంది అనుకున్నాను. ఆమె చీర మార్చుకుని వంటింట్లోకి వెళ్లింది. మరి ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆమె మోకాళ్లు బస్సెక్కనివ్వవు. నా చేతులు నట్టు పట్టనివ్వవు. రోజూ షెడ్డులోకి వెళ్లి డబ్బాల మధ్య కాసేపు కూర్చుని వచ్చేస్తున్నాను. చెయ్యగలిగిందేమీ లేదు. ఇంతగా చేతకానివాణ్ణవుతానని ఎన్నడూ అనుకోలేదు.

7. నా దినాలు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం ఇటుకలు తీసి కారును నేలకు దింపాలి. చక్రాలు, బ్రేకులు, స్టీరింగు బాగున్నాయి, ఇంజను లేకపోయినా తోస్తే కదులుతుంది. నాగేశ్వరిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇస్మాయిల్ స్టీరింగు పట్టుకోవాలి. మురళీమోహన్, అమ్మాయి, అల్లుడు లలిత్ వెనక నుంచి తొయ్యాలి. సందు చివరి దాకా చాలు. గంగ దాకా ఎవరూ తొయ్యలేరు. ఆమె వద్దంటే బలవంతపెట్టకూడదు.

ఇక్కడ మాస్టారు కలం ఆపి, నువ్వుండగానే తోయించవచ్చు కదా ఢిల్లీశ్వరరావూ, అనడిగారు. తోయించవచ్చు. ఈ తొమ్మిదేళ్లలో ఏ ఆదివారమైనా తోయించవచ్చు. చప్పుడు లేదని ముందు ఆమెతో చెప్పాలి కదా. అది నావల్ల కావడంలేదు.

తేది: 9 నవంబరు 2025, ఆదివారం. ఏక్‌బాల్‌పూర్, కలకత్తా.

(ఎడమ బొటనవేలి ముద్ర)
దుంపల ఢిల్లీశ్వరరావు

రాసినవారి వివరణ: రాసిందంతా చదివి వినిపించాను, సరేనన్నారు. చదువుకున్నవారే అయినా సంతకం మూడుసార్లు మొదలుపెట్టి ఆపేయడం వల్ల వేలిముద్ర తీసుకోవలసి వచ్చింది. ముద్ర కూడా చెదిరిపోతుంటే లోపలి నుంచి నాగేశ్వరి గారిని పిలిచాం. ఆమె వచ్చి, ముద్ర పడేదాకా ఆయన మణికట్టు పట్టుకున్నారు. కాగితంలో ఏముందని అడగలేదు.
— శ్రీనివాస రావు

సాక్షులు:
1. గవరయ్య, రిటైర్డ్ క్రేన్ డ్రైవర్, వాట్‌గంజ్
2. దుర్గాదేవి, పక్కింటి వాస్తవ్యురాలు, ఏక్‌బాల్‌పూర్