అవ్వ గుండె పరీక్ష

మందమర్రి

ఇస్తారన్నకు ఎల్లేశం దండాలు. అవ్వ గుండెకు ఢోకా లేదు, ఫికర్ చేయకు. నిన్న దవాఖానలో ఆ మిషనును, దాని వైర్లను చూడగానే "నాకు కరెంటు వెడ్తరా?" అని అవ్వ గడపలోనే కూర్చుండిపోయింది. అక్కడ డ్యూటీలో ఉన్న నర్సమ్మ కసురుకోలేదు. తానే మంచమెక్కి, చేతులకు, కాళ్లకు, ఛాతీకి వైర్లు పెట్టించుకుని చూపించింది. అప్పుడు అవ్వ పడుకుంది. సూది లేదు, నొప్పి లేదు. కదలకుండా ఉంటే గుండె కొట్టుకునే తీరు కాగితం మీద గీతలుగా వచ్చింది. రక్తం తక్కువై ఆయాసం వస్తున్నదని డాక్టరు మందులిచ్చాడు. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని అవ్వ నర్సమ్మ చెయ్యి వదలలేదు.

బర్రె ఈనిందా? పత్తి ఏరడం అయిందా? బాపు ఛాతీ నొప్పిని దాస్తున్నాడట, ఈ వారమే వెంటబెట్టుకుని రా. "గా బిడ్డ ఉండంగ భయం లేదని మీ బాపుకు రాయి" అంటున్నది అవ్వ. వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.